వర్ధంతి అంటే పుట్టినరోజు

ఆషాఢ బహుళ సప్తమి వస్తోందంటే మైసూరు చాముండి కొండ ఉత్సవానికి కన్నడంలో గోడపత్రికలు పడతాయి. వాటిమీద ‘చాముండేశ్వరి వర్ధంతి’ అని ఉంటుంది. విజయవాడ నుంచో వరంగల్లు నుంచో కొత్తగా వచ్చిన తెలుగువాడు ఆ అక్షరాలు కూడబలుక్కుని చదివితే గతుక్కుమంటాడు. అమ్మవారికి వర్ధంతేమిటి అని. ఇక్కడే పుట్టి పెరిగిన మనకా ఇబ్బంది లేదు. కన్నడంలో వర్ధంతి అంటే పుట్టినరోజే. మైసూరు మహారాజులకు వర్ధంతులు వాళ్లు బతికుండగానే జరిగేవి.

మాట మూలం చూస్తే కన్నడిగులదే న్యాయం. ‘వృధ్’ అంటే పెరగడం. ధర్మశాస్త్ర గ్రంథాల్లో పుట్టినరోజున చేసే కర్మకు వర్ధాపనమని పేరు, వర్షవృద్ధి అని ఇంకో పేరు. మరాఠీవారి ‘వాఢదివస్’ కూడా ఈ వంశంలోదే, పెరిగిన రోజు అని అర్థం. కన్నడంలో ఇంటి మాట ‘హుట్టుహబ్బ’, అంటే పుట్టుక పండగ. తెలుగు పత్రికల్లో మాత్రం జయంతి పుట్టినందుకు, వర్ధంతి పోయినందుకు అని స్థిరపడింది. పెరుగుదలకు ఉన్న మాటను మనవాళ్లు చావుకు ఇచ్చేశారు. పండితులు అప్పుడప్పుడు అభ్యంతరం చెబుతూనే ఉంటారు. వాడుకలో పడ్డ మాటను వెనక్కి లాగాలని నాకు లేదు. గిడుగువారి పేరు చెప్పుకునే వాళ్లం, వాడుకకు తల వంచాల్సిందే.

నా ఫిర్యాదు వేరు. మాటతోపాటు పని కూడా మారింది. తెలుగు రాష్ట్రాల వెలుపల మన సంఘాలు జరిపే జయంతులు తెలుగు అర్థంలో వర్ధంతుల్లాగా జరుగుతున్నాయి. ఆ సంగతికి వచ్చే ముందు ఇంటి పుట్టినరోజుల గురించి నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే సంఘాల అలవాట్లు ఇళ్లలోంచే వచ్చాయి.

అసలు పుట్టినరోజు ఏ రోజు? దేవుళ్లకే ఈ విషయంలో ఏకాభిప్రాయం లేదు. హనుమంతుణ్ణి చూడండి. ఆంధ్రలో వైశాఖ బహుళ దశమి నాడు పుడతాడు. మహారాష్ట్రలో చైత్ర పౌర్ణమికే పుట్టేస్తాడు. ఒడిశాలో ఏప్రిల్ నడుమ పణా సంక్రాంతి నాడు. తమిళులకు మార్గళి నెలలో మూలా నక్షత్రం రోజు. కర్ణాటకలో చాలా చోట్ల మార్గశిర శుద్ధ త్రయోదశికి హనుమద్వ్రతం చేస్తారు. ఉద్యోగరీత్యా ఈ రాష్ట్రాలన్నీ తిరిగినవాడిగా నేను ఒకే ఏడాదిలో రెండుసార్లు ఆంజనేయుడికి వడమాల వేసిన సందర్భాలున్నాయి. స్వామి ఏమీ అనుకోలేదు.

మనుషులకూ అంతే. మన ఇళ్లలో ఒక్కొక్కరికి మూడు నాలుగు పుట్టినరోజులుంటాయి. తిథి ఒకటి, తమిళనాడులో స్థిరపడిన వాళ్లకు జన్మనక్షత్రం ఒకటి, ఇంగ్లీషు తేదీ ఒకటి, బడిలో వేసిన తేదీ ఇంకొకటి. చాంద్రమాన సంవత్సరం 354 రోజులు కాబట్టి తిథి, తేదీ ఏటా పదకొండు రోజులు ఎడమవుతాయి, అధికమాసం వచ్చి మళ్లీ దగ్గరకు తెస్తుంది. పంతొమ్మిదేళ్లకొకసారి రెండూ కలుస్తాయి, తేడా వస్తే ఒక రోజు. కామర్సు చదివినవాణ్ణి, ఖాతాలు సరిపోవడంలో నాకో సంతోషం ఉంది. అందుకే 19, 38, 57 అని లెక్క వేసి పెట్టుకున్నాను. నిరుడు నాకు 57 నిండాయి. ఇంట్లో పాయసమూ కేకూ ఒకే పూట తిన్నాం.

కేకు మాట వచ్చింది గనక చెబుతాను. మన వేదికలమీద ఈ విషయం ఎత్తితే వచ్చే మొదటి ఉపన్యాసం కొవ్వొత్తుల మీద. దీపం వెలిగించే సంస్కృతి మనది, ఆర్పే సంస్కృతి వాళ్లది అని. ఎన్నోసార్లు విన్నాను, నాకది రుచించదు. బెంగుళూరులో ప్రతి వీధిలోనూ అయ్యంగార్ బేకరీ ఉంది. గుడ్డు లేని కేకు అక్కడ దొరుకుతుంది. అయ్యంగారు చేసి, అయ్యరు కొని, రెడ్డిగారి మనవడు కోస్తే అది ఇంకా పరాయిదేమిటి? ఆ పాట సంగతీ అంతే. 1893లో అమెరికాలో ఇద్దరు అక్కచెల్లెళ్లు పిల్లలు పొద్దున్నే బడిలో పాడుకోవడానికి చేసిన పాట వరస అది. తర్వాత ఎవరో పుట్టినరోజు మాటలు తగిలించారు. దానిమీద హక్కు మాదేనంటూ ఒక సంస్థ 2015లో అక్కడి కోర్టు కాదనేదాకా సినిమాలవాళ్ల దగ్గర రుసుం వసూలు చేసింది. లోకమంతా ఊరికే పాడుకుంటున్నాం అనుకున్న పాట వెనక ఇంత ఆదాయం ఉందని తెలిసినప్పుడు నాకు బ్యాంకువాడిగా ముచ్చటేసింది. అంతకుమించి దాని గురించి బాధపడ్డానికేమీ లేదు.

బాధపడాల్సింది ఇంకొకటుంది. పాత పద్ధతిలో పుట్టినరోజు ఎలా ఉండేది? వర్ధాపన విధిలో మార్కండేయుణ్ణి, అశ్వత్థామ మొదలైన ఏడుగురు చిరంజీవుల్ని పూజించి, నువ్వులూ బెల్లమూ కలిపిన పాలు అర దోసెడు తాగమన్నారు. ఆ రోజు గోళ్లు తీసుకోకూడదు, ప్రయాణం పెట్టుకోకూడదు, ఎవరితోనూ కలహించకూడదు. ఈ చివరి నియమం నాకు చాలా ఇష్టం. ఇదంతా శాస్త్రం. మా బళ్లారి ప్రాంతపు ఇళ్లలో ఇంత ఉండేది కాదు. పొద్దున్నే నూనె అంటి, సీకాయతో తలకు పోసి, కొత్త గుడ్డకు పసుపు పెట్టి కట్టించేవారు. పిల్లవాడు ఇంట్లో పెద్దలందరి కాళ్లకూ మొక్కి, పక్కింటి అవ్వకు కూడా మొక్కి వచ్చేవాడు. ‘నూరేళ్లు బతుకు నాయనా’ అనేవారు. శుభాకాంక్షలు అనే మాట ఎవరి నోటా లేదు. ఆకాంక్షలు పంపుకునేది సమానులు. ఇక్కడ ఇచ్చేది పెద్దలు, పుచ్చుకునేది పిల్లవాడు, అదీ వంగి.

ఆ నూరేళ్ల దీవెనకు ఇప్పుడు సర్కారు లెక్క కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారుడికి ఎనభై నిండితే మూల పింఛను మీద 20 శాతం అదనంగా వస్తుంది, నూరు నిండితే నూరు శాతం. వెయ్యి పున్నములు చూసినవాడికి చేసే సహస్ర చంద్ర దర్శనం లెక్క వేస్తే ఎనభయ్యేళ్ల పది నెలలకు వస్తుంది. తిరుక్కడయూరులో ఆ శాంతి చేయించుకుని వచ్చిన ఒక పెద్దాయన ప్రసాదంతో పాటు పింఛను కాగితం కూడా నా బల్లమీద పెట్టారు. శాస్త్రమూ ఖజానా ఈ ఒక్క విషయంలో దగ్గర దగ్గరగా నడుస్తున్నాయి.

అయితే ఈ పాత పద్ధతిని పొగిడేవాళ్లు ఒక సంగతి దాటవేస్తారు. ఈ పుట్టినరోజులు ఎవరివి? మగపిల్లలవి, పెళ్లిదాకా ఆడపిల్లలవి, అరవై నిండిన యజమానివి. షష్టిపూర్తిలో భార్య పక్కన కూచుంటుంది, కానీ నిండేది ఆమె అరవై కాదు. మా అమ్మ పుట్టినరోజు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆమెను అడిగితే ‘జొన్నలు కోసే కాలం అంట’ అనేది. ఆమె పోయిన తిథి మాత్రం నాకూ, మా అన్నకూ, మా పిల్లలకూ కూడా తెలుసు. ప్రతి ఏడూ ఆ రోజున వంట బ్రాహ్మణుణ్ణి పిలిచి, ఆమెకు ఇష్టమైన కాకరకాయ కూర చేయించి, ఆమెను తలుచుకుంటాం. బతికున్నన్నాళ్లూ ఒక్కసారి కూడా ‘ఈ రోజు నీది’ అని ఎవరూ అనని మనిషికి, పోయాక ఒక రోజు ఏర్పడింది. తెలుగులో వర్ధంతి అనే మాట అర్థం ఎందుకు తిరగబడిందని పండితులు వెతుకుతుంటారు. మా ఇంటి వరకు నాకు అది వింతగా అనిపించదు. మన ఇళ్లలో సగం మందికి ఖాయంగా తెలిసిన తేదీ అదొక్కటే.

ఒడిశాలో బరంపురం దగ్గర పనిచేసిన రోజుల్లో ఒక సముద్రతీర గ్రామం నుంచి ఒక ముసలమ్మ వృద్ధాప్య పింఛను ఖాతా తెరవడానికి వచ్చింది. గంజాం తీరంలో చేపలు పట్టే తెలుగు కుటుంబాలు ఎన్నో తరాలుగా ఉన్నాయి. పుట్టినతేదీ గడి ఖాళీగా ఉంది.

‘ఎప్పుడు పుట్టావమ్మా?’ అన్నాను.

‘పుట్టింది నేనే గానీ సూసింది నేను కాదు గదా బాబూ’ అంది.

ఇంతకంటే సరైన జవాబు నేను సర్వీసులో వినలేదు. ఆమెకు తన పెద్దకొడుకు ఏ గాలివాన మరుసటేడు పుట్టాడో తెలుసు, చిన్న కూతురు ఏ పండగ ముందర పుట్టిందో తెలుసు. తనది తెలియదు. చివరికి అందరికీ వేసినట్టే జనవరి 1 అని వేశాం. ఇప్పుడు బ్యాంకుల కంప్యూటర్లు పుట్టినరోజు సందేశాలు తామే పంపుతాయి. జనవరి 1న అలాంటి శాఖల్లో ఊళ్లో సగం మందికి ఒకేసారి శుభాకాంక్షలు అందుతాయి. జనన మరణాల నమోదుకు చట్టం వచ్చింది 1969లో. 2023 అక్టోబరు 1 నుంచి ఆ తర్వాత పుట్టినవాళ్లకు బడిలో చేరడం మొదలు అన్నిటికీ ఆ జనన పత్రమే ఆధారం. కాబట్టి జనవరి 1 తరం ఇక తరిగిపోతుంది. తేదీ లేని మనుషులకు తేదీ వేయవలసి వస్తే ప్రభుత్వానికి అనువైనది వేస్తారని చెప్పడానికే ఇదంతా.

కవులకూ అలాగే వేశారు. వేమన ఏ శతాబ్దం వాడన్నదే పండితులు తేల్చలేదు. అయినా కర్ణాటక ప్రభుత్వం జనవరి 19న మహాయోగి వేమన జయంతి జరుపుతోంది, ఆంధ్రప్రదేశ్‌లోనూ అదే తేదీ తీసుకున్నారు. తేదీ నిజమా అని నేను అడగను, ముసలమ్మ జనవరి 1ని అడగనట్టే. పింఛను రావాలంటే ఒక తేదీ కావాలి. వేమన విషయంలో ఆ పింఛను ఏమిటన్నదే ప్రశ్న. బళ్లారిలోనూ బెంగుళూరులోనూ ఆ రోజు జరిగే సభల్లో ప్రసంగాలు కన్నడంలో నడుస్తాయి. అది తప్పు కాదు, వేమన కన్నడిగులకూ కావలసినవాడే. అలాంటి ఒక సభలో తొమ్మిదేళ్ల పిల్ల మన సంఘం తరఫున వేమన పద్యాలు చదివింది. ఆమె చేతి కాగితంలోకి తొంగి చూశాను. తెలుగు పద్యం, కన్నడ లిపి. ఆ పిల్ల ఒక్క ద్విత్వం కూడా జారకుండా చదివింది. ఆమె తర్వాత మాట్లాడిన వక్త తెలుగు ఎమ్మే, నాలుగు పద్యాలు ఎత్తుకుని మూడింటిని మధ్యలో వదిలేశాడు. ఆయనకు శాలువా, పిల్లకు పెన్నుల పెట్టె. ఇది మన జయంతుల స్థితి.

జయంతి ఉపన్యాసం ఇప్పుడు ఒక సాహిత్య ప్రక్రియ. విమర్శకులు దీన్ని పట్టించుకోలేదు గాని మన పత్రికల్లాంటి వాటిలో కవిత తర్వాత ఎక్కువ అచ్చయ్యేది ఇదే. ఫలానా సంవత్సరం ఫలానా గ్రామంలో ఫలానా పుణ్యదంపతులకు జన్మించారు అని మొదలవుతుంది. తర్వాత చదువు, ఉద్యోగం, బిరుదులు, గ్రంథాల పట్టిక. పట్టికలోని పుస్తకం ఒక్కటీ తెరవరు. చివర ఆయన లేని లోటు తీరనిది అంటారు. పుట్టినరోజు నాడు లేని లోటు ఎందుకో? దీన్ని జయంతికి రాశారో, చనిపోయిన రోజుకు రాశారో కింద తేదీ చూస్తే తప్ప తెలియదు. ఇది నా ఊహ కాదు. బళ్లారి రాఘవ పుట్టింది 1880 ఆగస్టు 2న, పోయింది 1946 ఏప్రిల్ 16న. ఒకే వక్త ఒకే ప్రసంగాన్ని ఏప్రిల్లో ఒకసారి, ఆగస్టులో ఒకసారి చేయగా విన్నాను. ఏప్రిల్ 16 వీరేశలింగం పుట్టినరోజు కూడా. ఆ రోజు మా వేదికమీద రెండు పటాలు పక్కపక్కన ఉంటాయి, ఒకటి జయంతి, ఒకటి వర్ధంతి. రెండిటికీ ఒకే కొలత దండ, ఒకే హారతి పళ్లెం. రాఘవ స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టిన నటుడు, సహజంగా నటించడం మనవాళ్లకు నేర్పినవాడు. ఆయన పేరు మీద మా సంఘం ఇన్నేళ్లలో ఒక్క రంగం ఆడించలేదు. మైకు పెట్టించింది, అంతే.

సంఘం లెక్కలు చూసే పని నాదే గనక ఇంకొకటి చెప్పగలను. హాలు అద్దె, మైకు, పూలు, ఆహ్వానపత్రిక, శాలువాలు, జ్ఞాపికలు, ఉప్మా, కాఫీ అని పద్దులుంటాయి. పుస్తకాలు అనే పద్దు కోసం గత పదేళ్ల ఖాతాలు తిరగేశాను. ఒకే ఒక్కచోట ఉంది, అదీ రసీదు పుస్తకాలు.

అన్నిటికంటే పెద్ద జయంతి మనకు ఆగస్టు 29. గిడుగు వెంకట రామమూర్తి 1863లో పుట్టిన రోజు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెలుగు భాషా దినోత్సవంగా జరిపే రోజు. తెలంగాణలో సెప్టెంబరు 9, కాళోజీ నారాయణరావు పుట్టినరోజు, భాషా దినోత్సవం. ఇక్కడ మన పాఠకులు గమనించాల్సిన సంగతి ఒకటుంది. కాళోజీ పుట్టింది కర్ణాటకలోని రట్టిహళ్లిలో. గిడుగు చదువు చెప్పింది, ఉద్యమానికి పూనుకుంది పర్లాకిమిడిలో. 1936లో ఆ ఊరు ఒరిస్సాలోకి వెళ్లినప్పుడు నిరసనగా ఊరు విడిచి రాజమండ్రి చేరాడు. దేశం మొత్తం ఉపాధ్యాయ దినంగా జరుపుకునే సెప్టెంబరు 5 తిరుత్తణిలో పుట్టిన తెలుగు కుటుంబపు పిల్లవాడిది. 1960 సరిహద్దుల సర్దుబాటులో ఆ ఊరు మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. రాధాకృష్ణన్‌కు కూడా రెండు తేదీలున్నాయని, 1888 సెప్టెంబరు 5 గాక 1887 సెప్టెంబరు 20 అన్నది ఉందని కుమారుడు గోపాల్ రాసిన జీవితచరిత్ర చెబుతుంది. వేమన పద్యాలు సేకరించి అచ్చువేయించిన బ్రౌన్ 1798లో పుట్టింది కలకత్తాలో. తెలుగువాళ్లు పండగ చేసుకునే పుట్టినరోజుల్లో ఇన్ని మన లాంటి ఊళ్లకు చెందినవి. మనవాళ్లు మాత్రం ఆగస్టు 29న హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వక్తను రప్పిస్తారు, రైలు చార్జీలిచ్చి.

ఆ వక్త గిడుగు గురించి ఏం చెబుతాడు? గ్రాంథికవాదుల్ని ఓడించాడు, వాడుక భాషను నిలబెట్టాడు, మనం ఆయనకు రుణపడి ఉన్నాం. నిజమే. అది తెలుగునాట చెప్పవలసిన గిడుగు. మనకు పనికొచ్చే గిడుగు ఇంకొకడున్నాడు. ఆయన పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకున్నాడు. లిపి లేని ఆ భాషకు వాచకాలు రాశాడు, కథలూ పాటలూ సేకరించాడు, బడులు పెట్టాడు, వ్యాకరణమూ నిఘంటువూ తయారుచేశాడు. చుట్టూ పెద్ద భాషలున్నప్పుడు చిన్న భాష మాట్లాడే పిల్లవాడికి మొదటి పాఠం ఏ భాషలో చెప్పాలి అన్నది ఆయన ప్రశ్న. అక్కడ పెద్ద భాషల్లో ఒకటి తెలుగు. ఆ ప్రశ్నను ఈనాడు హోసూరులోనో షోలాపురంలోనో నిలబడి వింటే పక్షం మారిపోతుంది. ఇక్కడ సవరలం మనం. తమిళనాడులో 2006 చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది, మైనారిటీ భాషల పిల్లల సంగతి కోర్టుల దాకా వెళ్లింది. అలాంటి చోట ఆగస్టు 29 ఉపన్యాసం సవరల ఊసెత్తకుండా ముగిస్తే ఆ వక్త గిడుగును సగం కూడా తీసుకురాలేదన్నమాట. సగం గిడుగుకు పూర్తి రైలు చార్జీ ఇవ్వడం లెక్కలవాడిగా నాకు నచ్చదు.

జయంతి పెట్టిన చోట ప్రశ్న పుట్టడం అసాధ్యమేమీ కాదు. పుట్టినరోజు సభ ఒక సాహిత్య చరిత్రనే మలుపు తిప్పిన సందర్భం తెలుగులో ఉంది. శ్రీశ్రీ పుట్టినతేదీ గురించి ఒకటికి మించిన వాదాలున్నాయి, ఏప్రిల్ 30 స్థిరపడింది. 1970 తొలి మాసాల్లో విశాఖపట్నంలో ఆయనకు షష్టిపూర్తి సన్మానం జరిపారు. కమ్యూనిస్టు కవికి షష్టిపూర్తేమిటని నవ్వినవాళ్లున్నారు. గురుడు పన్నెండేళ్లకు, శని ముప్పై ఏళ్లకు ఒక చుట్టు తిరుగుతారు కాబట్టి ఇద్దరూ అరవైకి మొదటి చోటికి వస్తారు, అదీ షష్టిపూర్తి లెక్క. గ్రహాల్ని నమ్మని మనిషికి గ్రహాల పండగ. కాని ఆ సభల దగ్గర విశాఖ విద్యార్థులు ఒక కరపత్రం పంచారు. శ్రీకాకుళంలో పోరాటం నడుస్తుంటే రచయితలు ఎటువైపు ఉన్నారో తేల్చుకోమని అడిగారు. దండలు వేసే చోట ప్రశ్న వేశారు. దుమారం లేచింది. అదే ఏడాది జూలై 4న హైదరాబాదులో విప్లవ రచయితల సంఘం ఏర్పడింది, శ్రీశ్రీ అధ్యక్షుడయ్యాడు. ఆ సంఘం రాజకీయాలతో నాకు ఏకీభావం లేదు, ఆ చర్చ ఇక్కడ అనవసరం. అరవయ్యో పుట్టినరోజుకు వచ్చిన కానుకల్లో ఆ కవికి నిజంగా పనికొచ్చింది ఆ కరపత్రమే అని మాత్రం నా అభిప్రాయం. మిగతావి శాలువాలు.

ఇలాంటి కరపత్రం మన సభల్లో ఎవరు పంచాలి? పిల్లలు పంచాలి, కాని వాళ్లకు తెలుగు రాయడం రాదు. చిక్కు అక్కడుంది. షోలాపురంలో మూడేళ్లు ఉన్నాను. అక్కడి పద్మశాలి ఇళ్లలో తెలుగు చక్కగా మాట్లాడతారు, ‘మా పిల్లగాని పుట్టినరోజుకు రావాలె సారూ’ అని పిలిచేవారు. పిలుపు తెలుగులో, కార్డు మరాఠీలో. వీధి మొగలో ఒక స్థానిక నాయకుడి వాఢదివస్ ఫ్లెక్సీ, అతనివెనక పాతిక చిన్న బొమ్మలు, అందులో సగం తెలుగు ఇంటిపేర్లు, అక్షరాలన్నీ నాగరి. ఆ పిల్లవాణ్ణి తప్పుపట్టడానికి ఏమీ లేదు, ఆ ఇంటివాళ్లనూ లేదు. పొద్దున్న తలకు పోసి, సాయంత్రం కేకు కోయించి, మధ్యలో పెద్దల కాళ్లకు మొక్కించారు. వాడి పేరు మాత్రం తెలుగులో ఎక్కడా రాసి లేదు, కేకు మీద కూడా. బేకరీవాడికి తెలుగు అక్షరాలు రావు. ఇంట్లో ఎవరికైనా వస్తే కాగితం మీద రాసిచ్చి ఉండేవాళ్లు.

అందుకే ఈసారి రాఘవ జయంతికి ముందు జరిగిన మా కార్యవర్గ సమావేశంలో నేను ఒక తీర్మానం పెట్టాను. శాలువాలూ జ్ఞాపికలూ ఆపి ఆ డబ్బుతో మా పేటలో తెలుగు అక్షరాలు రాని పిల్లలకు వాచకాలు, పలకలు కొనాలని. ప్రతి పిల్లవాడి పుట్టినరోజు నాడు, ఏ పుట్టినరోజైనా సరే, తిథో తేదో బడి తేదో, ఇంటికి వెళ్లి వాచకం ఇచ్చి వాడి పేరు వాడిచేతే తెలుగులో రాయించి రావాలని. ఉపన్యాసాలు వద్దని అనలేదు. వక్త తాను పొగిడే పుస్తకం నుంచి పది నిమిషాలు పైకి చదవాలని, ఆ తర్వాతే మాట్లాడాలని ఒక షరతు చేర్చాను. రాఘవ నాటకంలో ఒక రంగం ఆడాలని కూడా రాశాను.

గంటన్నర చర్చ జరిగింది. శాలువా లేకపోతే ముఖ్య అతిథి రారని కార్యదర్శిగారు, అతిథి రాకపోతే జనం రారని ఉపాధ్యక్షులు అన్నారు. పుస్తకం చదివితే వచ్చిన జనం వెళ్లిపోతారని ఇంకొకరు. చివరికి సగం సగం కుదిరింది. ఒక్క శాలువా ఉంటుంది, నూలుది. నాటకం వచ్చే ఏటికి వాయిదా. వాచకాలకు డబ్బు మంజూరయింది, పదకొండుమంది పిల్లల పేర్లు వచ్చాయి. పుట్టినతేదీలు అడిగి పట్టిక తయారుచేసే పని నాకు అప్పగించారు. అందరి తేదీలూ ఉన్నాయి, ఒక్కటీ జనవరి 1 కాదు. వాళ్ల అమ్మల తేదీలు కూడా అడిగి పక్కన ఒక గడిలో రాశాను. అందులో నాలుగు ఖాళీగా ఉన్నాయి.